మూడు కార్డులు, ఒక మాత్ర: రేణిగుంట రోడ్డు క్లినిక్ నుంచి ఒక కేసు

ఆమె వయసు 26. అత్తగారి ఊరు ఏర్పేడు మండలంలో ఒక పల్లె. రేణిగుంట దగ్గర ఎలక్ట్రానిక్ విడిభాగాలు తయారు చేసే కర్మాగారంలో మూడేళ్లుగా పని చేస్తోంది. మూడున్నరేళ్ల కొడుకున్నాడు. తిరుపతిలోని నా క్లినిక్‌కు మొదటిసారి వచ్చినప్పుడు కుర్చీలో కూర్చోగానే సంచిలోంచి మూడు కార్డులు తీసి బల్ల మీద పరిచింది. ఒకటి తన జీతం మీద వచ్చిన ఈఎస్ఐ కార్డు. రెండోది మరో సంస్థలో టెక్నీషియన్‌గా ఉన్న భర్త తాలూకు గ్రూపు ఆరోగ్య బీమా కార్డు. మూడోది అత్తగారి రేషన్ కార్డుతో వచ్చిన వైద్య సేవ కార్డు, మొన్నమొన్నటి వరకు అందరం ఆరోగ్యశ్రీ అన్నదే.

"వీటిలో దేనితో మాత్రలు వస్తాయి మేడమ్?"

ఇరవై ఏళ్లకు పైగా ప్రసూతి వైద్యం చేస్తున్నాను. ఈ ప్రశ్నను ఇంత సూటిగా నన్నెవరూ అడగలేదు, నాకు జవాబూ తెలియదు. తెలుసుకోవడానికి దాదాపు ఏడు నెలలు పట్టింది. తోటి వైద్యులకు, కర్మాగారాల్లో సంక్షేమ బాధ్యతలు చూసేవాళ్లకు పనికి వస్తుందని ఈ కేసు రాస్తున్నాను. ఆమె ఆనవాలు దొరికే వివరాలు కొన్ని మార్చాను. ఆమెను ఎక్కడా రోగి అనలేదు. ఆమెకు జబ్బేమీ లేదు, రెండో బిడ్డకు ఇంకా రెండేళ్లు ఆగాలనుకుంది, అంతే.

వచ్చే ముందు జరిగింది

నా దగ్గరకు రావడానికి మూడు వారాల ముందు ఆమె ఒక రాత్రి తీవ్రమైన రక్తస్రావంతో ప్రైవేటు ఆసుపత్రిలో చేరింది. నెల తప్పిందని తెలిసి, ఎవరికీ చెప్పకుండా మందుల షాపులో అబార్షన్ మాత్రల కిట్టు కొని వేసుకుంది. అవి వైద్యుల పర్యవేక్షణలో మాత్రమే వాడవలసినవి. గర్భం పూర్తిగా పోలేదు. ఆసుపత్రిలో గర్భాశయం శుభ్రం చేసి, రెండు రోజులు ఉంచి పంపారు. బిల్లు 31 వేల రూపాయలు. భర్త కంపెనీ పాలసీలో ప్రసూతి కవరేజీ ఉండటంతో ఒక్క రూపాయి కట్టకుండా ఇంటికి వచ్చారు.

అసలు గర్భం ఎలా వచ్చిందన్నది ఇంకా ముఖ్యం. కొడుకు పుట్టువెంట్రుకలు తీయించడానికి కొండకు వెళ్లే ముందు అత్తగారే ఆమెకు నెలసరి వాయిదా వేసే మాత్రలు తెప్పించి ఇచ్చారు. తిరుపతిలో ఏ మందుల షాపులోనైనా ఈ నోరెథిస్టిరాన్ మాత్రకు ఉన్నంత గిరాకీ మరే స్త్రీల మందుకూ ఉండదు. చట్టప్రకారం చీటీ కావాలి. కౌంటర్ దగ్గర మాత్రం దర్శనం తేదీ చెబితే చాలు. ఆ మాత్ర వేసుకున్నన్నాళ్లూ నెలసరి రాలేదు కాబట్టి, అది వేసుకుంటే గర్భమూ రాదని ఆమె అనుకుంది. తర్వాత ఏడాది పాటు భర్త సెలవులో ఇంట్లో ఉన్న రోజుల్లో మాత్రం నాలుగైదు మాత్రలు వేసుకుంటూ వచ్చింది. అలా వాడితే అది గర్భాన్ని ఆపదు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఆ మాత్రా హార్మోనే, గర్భనిరోధక మాత్రా హార్మోనే. ఒకదాన్ని అత్తగారు నలుగురిలో నిలబడి అడిగి కొంటారు. రెండోదాన్ని కోడలు దుపట్టా అంచున దాచుకుని తెచ్చుకోవాలి.

అంతకుముందు ఒకసారి ఆశా కార్యకర్త ఇచ్చిన మాలా-ఎన్ గర్భనిరోధక మాత్రలు రెండు నెలలు వాడి మానేసిందట. ఎందుకని అడిగితే తలనొప్పి అంది. ఎలాంటి తలనొప్పి అని తరచి అడిగాను. నొప్పికి ముందు ఒక కంటి పక్కన మెరుపుల్లాంటి వంకర గీతలు కనిపిస్తాయని, ఇరవై నిమిషాలకు అవి పోయి తల పగిలిపోతుందని చెప్పింది. పెళ్లికి ముందు నుంచే ఉందట. ఇది ఆరా ఉన్న మైగ్రేన్. ఈస్ట్రోజెన్ కలిసిన మాత్రలు ఇలాంటి స్త్రీలకు ఇవ్వకూడదు, పక్షవాతం వచ్చే ముప్పు పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అర్హతల పట్టికలో ఇది నాలుగో వర్గం, అంటే వాడనే వాడరాదు. మాలా-ఎన్‌లో లెవోనార్జెస్ట్రెల్‌తో పాటు 0.03 మిల్లీగ్రాముల ఇథినైల్ ఈస్ట్రడయాల్ అనే ఈస్ట్రోజెన్ ఉంటుంది. ఆమె మానేయడం అదృష్టం. ఇచ్చినవాళ్లు తలనొప్పి గురించి ఒక్క ప్రశ్న వేసి ఉంటే అదృష్టంతో పని ఉండేది కాదు.

రక్తపోటు 118/76. హిమోగ్లోబిన్ 9.1. నెలసరి మొదటి నుంచీ ఎక్కువే. గర్భస్రావం తర్వాత రెండు వారాలు తిరగకుండానే మళ్లీ అండం విడుదల కావచ్చు కాబట్టి ఆలోచించుకుని రమ్మని పంపే సమయం కూడా లేదు. ముందు గర్భపరీక్ష చేసి లేదని తేల్చుకున్నాను.

ఏది ఇవ్వాలి

కాపర్ టీ ఆమె తలనొప్పికి ఏ అడ్డూ కాదు. కానీ ఇంత రక్తహీనతతో, ఇంత నెలసరితో ఉన్న మనిషికి మొదటి ఎంపికగా అది ఇవ్వను, రక్తస్రావాన్ని పెంచవచ్చు. మూడు నెలలకోసారి ఇచ్చే అంతర అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో 2017 నుంచి ఉంది. అయితే చివరి డోసు తర్వాత మళ్లీ గర్భం నిలవడానికి నెలలు పడుతుంది, సాధారణంగా 7 నుంచి 10. రెండేళ్ల లెక్క వేసుకున్న మనిషికి ఆ జాప్యం నచ్చలేదు.

నా మనసులో ఉన్నది హార్మోన్ ఉన్న గర్భాశయ పరికరం. నెలసరి తగ్గుతుంది, ఒంట్లో రక్తం నిలుస్తుంది, ఏళ్ల తరబడి పని చేస్తుంది. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే సాధనాల్లో అది లేదు. బయట కొంటే వేలల్లో ఉంటుంది. అందుకే భర్త పాలసీ క్లెయిములు చూస్తున్న థర్డ్ పార్టీ సంస్థకు ముందస్తు అనుమతి కోసం రాశాను. ఈ ఉత్తరం రాసేటప్పుడు ఒక ఆశ మెదిలింది, దాచను. గర్భనిరోధం అన్న మాట తీసేసి అధిక నెలసరి అని మాత్రమే రాస్తే పని అవుతుందేమో అనిపించింది. మా వృత్తిలో ఇలా రాసేవాళ్లు ఉన్నారు, వాళ్లను తప్పుపట్టే ఉద్దేశం లేదు. ఆమెకు రెండూ నిజమే కాబట్టి నేను రెండూ రాశాను.

రెండు రోజుల్లో జవాబు వచ్చింది. గర్భనిరోధం మినహాయింపు, కోడ్ 17. అధిక నెలసరికి చికిత్స అయితే ఆసుపత్రిలో 24 గంటలు చేరిన పక్షంలో పరిశీలిస్తాం. పరికరం అమర్చడానికి నాకు పట్టేది పది నిమిషాలు.

ఆ కోడ్ 17 ఏమిటో తెప్పించి చదివాను. బీమా నియంత్రణ సంస్థ 2019లో ఆరోగ్య పాలసీల మినహాయింపులన్నిటినీ ఒకే భాషలోకి తెచ్చింది. అందులో పదిహేడోదానికి శీర్షిక వంధ్యత్వం, సంతానలేమి. దాని కింద మొదటి పంక్తే ఏ రకమైన గర్భనిరోధమైనా, స్టెరిలైజేషన్ అయినా అని. పిల్లలు కావాలని తిరిగే స్త్రీని, ఇప్పుడే వద్దనుకునే స్త్రీని ఒకే గదిలో పెట్టి తాళం వేశారు. ప్రసూతి దీని పక్కనే పద్దెనిమిదో కోడ్‌లో ఉంది. దాన్ని మాత్రం చాలా కంపెనీలు అదనపు ప్రీమియం కట్టి తిరిగి తెచ్చుకుంటాయి. అందుకే 31 వేల బిల్లు చెల్లింది.

మిగతా రెండు కార్డుల సంగతి తొందరగానే తేలింది. వైద్య సేవ ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సల కోసం పుట్టిన పథకం, నెలనెలా మాత్రలు దాని పని కాదు. ఈఎస్ఐ అలా కాదు, నెల జీతం 21 వేల లోపు ఉన్నవాళ్లకు మామూలు జ్వరం మాత్ర నుంచి అన్నీ ఇవ్వాల్సిన వ్యవస్థ. ఆమె జీతం 16,400. అందులో 0.75 శాతం, అంటే నెలకు 123 రూపాయలు, కోత పడుతుంది. యజమాని 3.25 శాతం కడతాడు. ఆమె నిజంగా ప్రీమియం కడుతున్న బీమా ఇదొక్కటే.

ఈఎస్ఐలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్న కార్మికురాలికి 14 రోజులు పూర్తి జీతంతో సెలవు ఉంది, మగవారికి 7 రోజులు. మంచిదే. కానీ వరుసగా చూస్తే నాకు కనిపించింది ఒక్కటే: ఏ కార్డయినా మనిషి మంచం ఎక్కితే పలుకుతుంది. ఆపరేషన్‌కు, అబార్షన్‌కు, కాన్పుకు డబ్బు కదులుతుంది. నిలబడి ఉద్యోగం చేసుకుంటున్న మనిషికి నెలనెలా కావలసిన చిన్న వస్తువు దగ్గరకు వచ్చేసరికి అన్నీ మూగబోతాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో మన రాష్ట్రంలో పెళ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతం ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మాత్రలు, కాపర్ టీ, కండోమ్ ఒక్కొక్కటీ ఒక్క శాతం కూడా లేవు. దీన్ని మనవాళ్ల ఇష్టం అని చెబుతుంటారు. ఎదుట ఒకే తలుపు తెరిచి ఉన్నప్పుడు అందరూ అందులోంచే వెళ్తారు, అది ఇష్టమో కాదో ఎలా తెలుస్తుంది?

ఆమె పరికరం వద్దంది. డబ్బు కంటే లోపల వస్తువు ఉంటుందన్న భయమే ఎక్కువ అని తర్వాత ఒప్పుకుంది. మిగిలింది ఛాయ మాత్ర. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ తయారు చేసిన సెంట్‌క్రోమాన్ ఇది. 1991లో సహేలి పేరుతో బజారులోకి వచ్చింది, 2016లో జాతీయ కార్యక్రమంలో చేరింది. స్టెరాయిడ్ కాదు, ఈస్ట్రోజెన్ లేదు, కొందరిలో నెలసరి వెనక్కి జరిగి తక్కువగా వస్తుంది. ఆమెకు అదీ లాభమే. మొదటి మూడు నెలలు వారానికి రెండు మాత్రలు, ఆ తర్వాత వారానికి ఒకటి. కామెర్లు, అండాశయ నీటితిత్తులు వంటివి లేవని చూసుకుని రాశాను. మాత్ర మొదలుపెట్టేదాకా కండోమ్.

ఛాయను నెలసరి మొదటి రోజున మొదలుపెట్టాలి, వారంలో ఆ రోజే ఇక ఖాయం. ఆమెకు ఆ నెల శనివారం వచ్చింది. శనివారం, మంగళవారం, మూడు నెలల తర్వాత శనివారాలు మాత్రమే. ఇంట్లో శనివారం ఒంటిపొద్దు ఉంటారు కాబట్టి మరిచిపోయే ప్రశ్నే లేదంది. షిఫ్టులు మారే మనిషికి రోజూ ఒకే వేళకు వేసుకోవాల్సిన మాత్ర కంటే ఇది ఎంతో నయం.

దొరకడం అనే రెండో జబ్బు

ఛాయ ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. కాబట్టి నా పని అయిపోయిందనుకున్నాను. నెల తిరగకముందే ఆమె ఖాళీ పట్టీతో వచ్చింది.

ఊళ్లో ఆశా కార్యకర్త భర్తకు మేనత్త వరస. ఆమెను అడిగితే సాయంత్రానికి అత్తగారికి తెలుస్తుంది. 2011 నుంచి ఆశాల ద్వారా ఇంటి గడపకే గర్భనిరోధక సాధనాలు చేరుతున్నాయి, మంచి ఆలోచనే. కానీ అందరికీ గడప దాటించాలని ఉండదు. విలేజ్ క్లినిక్ తెరిచి ఉండే వేళకు ఆమె ఉదయం షిఫ్టులో ఉంటుంది, లేదా రాత్రి షిఫ్టు చేసి నిద్రపోతూ ఉంటుంది. సర్వదర్శనం టోకెన్ చేతిలో ఉండి, దాని మీద వేసిన వేళకు కంపార్ట్‌మెంటు దగ్గర ఉండలేని భక్తురాలి పరిస్థితి.

ఈఎస్ఐ డిస్పెన్సరీలో అడిగితే ఫార్మసిస్టు మర్యాదగానే చెప్పారు. "అది మా ఇండెంట్‌లో లేదమ్మా, పీహెచ్‌సీలో ఉచితంగా ఇస్తారు కదా." ఇండెంట్ అంటే వాళ్లు తెప్పించుకునే మందుల పట్టిక. నేను ఫోను చేసినా అదే మాట. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఒకచోట ఉచితంగా ఉంది కాబట్టి మరోచోట ఉంచనక్కరలేదు అన్న తర్కం మీదే మన వ్యవస్థ సగం నడుస్తోంది. నేను రాతపూర్వకంగా మూడుసార్లు అడిగాను. నాలుగో నెలలో ఛాయ వచ్చింది, ఆరో నెలలో అయిపోయింది. అది లేని నెలల్లో ఆమె సహేలి డబ్బు పెట్టి కొనుక్కుంది.

అప్పుడు కర్మాగారానికి వెళ్లాను. ఐదువందల మందికి పైగా పని చేసే చోట అంబులెన్సు గది, నర్సు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. ఆ గది మూడు షిఫ్టులూ తెరిచే ఉంటుంది. ఈ ఒక్క సంగతి ముందే తట్టి ఉంటే రెండు నెలలు కలిసొచ్చేవి. గదిలో అల్మారా ఉంది, నర్సు ఉంది, పీహెచ్‌సీ నుంచి సరుకు వస్తే చాలు.

సిబ్బంది వ్యవహారాలు చూసే మేనేజరు గారు మంచివారే, కానీ భయపడ్డారు. "మా దగ్గర సగం మంది పెళ్లికాని పిల్లలు, హాస్టళ్లలో ఉంటారు. ఫ్యాక్టరీలో ఇవి ఇస్తున్నారని ఊళ్లలో తెలిస్తే పంపుతారా డాక్టరు గారూ?" ఇది కొట్టిపారేసే మాట కాదు. చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల నుంచి ఆడపిల్లలు కంపెనీ బస్సు ఎక్కుతున్నారంటే దాని వెనుక ఎన్ని ఇళ్లలో ఎన్ని వాదనలు జరిగాయో నాకు తెలుసు. ఐరన్ మాత్రలు, శానిటరీ ప్యాడ్లు, నెలసరి నొప్పి మాత్రలు, ఛాయ అన్నీ ఒకే అరలో పెడదామన్నాను. అర మీద బోర్డు కూడా వద్దు. ఒప్పుకున్నారు.

పీహెచ్‌సీ వైద్యాధికారి దగ్గర మరో చిక్కు ఎదురైంది. ఆయన తన సరుకును ఊరిలోని అర్హులైన దంపతుల రిజిస్టరు లెక్కన తెప్పించుకుంటారు. హాస్టలులో, అద్దె గదుల్లో ఉండే కార్మికులు ఏ ఊరి రిజిస్టరులోనూ లేరు. పుట్టింటి ఊళ్లో వలస వెళ్లారని కొట్టేస్తారు, ఇక్కడ కొత్తవాళ్లని రాసుకోరు. పెళ్లికానివాళ్లయితే ఆ రిజిస్టరుకు దంపతులే కాదు. వేల మంది యువతులు పని చేసే ప్రాంతానికి గర్భనిరోధక సాధనాల లెక్కలో వాళ్లు లేనే లేరన్నమాట. ఆయన యువకుడు, చురుకైనవాడు. కర్మాగారాన్ని ఒక డిపోగా రాసుకుని, పోయిన నెల ఎంత ఖర్చయిందో చూసి అంత పంపే పద్ధతి పెట్టారు.

ఆ అల్మారాకు ఒక రిజిస్టరు కావాలి కదా. మొదటిరోజు నర్సు గీసిన పట్టికలో పేరు, భర్త పేరు, పిల్లల సంఖ్య అనే గడులున్నాయి. ఆ గడుల మీద మా ఇద్దరికీ గట్టిగానే మాటలు నడిచాయి. భర్త పేరు గడి తీసేయమన్నాను. "అలా ఎలా మేడమ్, ఆడిట్‌కు ఏం చెప్పాలి?" అని ఆమె. వైద్య గర్భస్రావ చట్టాన్నే 2021లో సవరించి, గర్భనిరోధం విఫలమైన సందర్భంలో భర్త అన్నచోట భాగస్వామి అని రాశారు, పార్లమెంటుకు లేని ఇబ్బంది మన రిజిస్టరుకెందుకు అన్నాను. చివరికి టోకెన్ నంబరు, వస్తువు, తేదీ మిగిలాయి. వాటితో పాటు ఐదు ప్రశ్నలు అచ్చు వేయించి గోడకు అంటించాం: తలనొప్పికి ముందు కంటిలో మెరుపులు వస్తాయా, రక్తపోటు ఉందా, కాళ్లలో రక్తం గడ్డకట్టిందా, బిడ్డకు పాలిస్తున్నారా, కామెర్లు వచ్చాయా. ఒక్కదానికి అవును అన్నా మాత్ర ఇవ్వకుండా నా దగ్గరకో, మెటర్నిటీ ఆసుపత్రికో పంపాలి.

నెలకో పట్టీ కాకుండా మూడు నెలల సరుకు ఒకేసారి ఇవ్వాలన్నది మరో నిర్ణయం. ఏడాది సరుకు వరకు ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసులోనే ఉంది. అమెరికాలో 2010 నాటి చట్టం కింద 2012 నుంచి చాలా ప్రైవేటు బీమాలు గర్భనిరోధక సాధనాలను రోగి చేతి నుంచి డబ్బు పడకుండా ఇవ్వాల్సి వచ్చింది. అక్కడ కూడా నెలనెలా షాపుకు తిప్పడం తప్పలేదు, చివరికి 2015లో ఒరెగాన్ రాష్ట్రం పన్నెండు నెలల సరుకు ఒకేసారి ఇవ్వాలని చట్టం చేసింది. బీమా పలికే చోట కూడా వస్తువు చేతికి రావడం వేరే పని అని దీన్నిబట్టి అర్థమైంది.

పాలసీ మాట ఏమైంది

భర్త కంపెనీ పాలసీ జూలైలో పునరుద్ధరణకు వచ్చింది. ఆయన తన మానవ వనరుల విభాగానికి నా ఉత్తరం ఇచ్చాడు. భార్య మాత్రల గురించి ఆఫీసులో ఉత్తరం ఇవ్వడం మన మగవాళ్లకు చిన్న విషయం కాదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. అడిగింది రెండు: కోడ్ 17లో గర్భనిరోధం వరకు మినహాయింపు ఎత్తేయడం, అవుట్‌పేషెంటు ఖర్చులకు చిన్న పరిమితి చేర్చడం. మొదటిదానికి బీమా సంస్థ అదనపు ప్రీమియం అడగలేదు. ఆశ్చర్యపోయాను, కానీ ఆలోచిస్తే అందులో వింత లేదు. ఆసుపత్రిలో చేరితేనే చెల్లించే పాలసీలో గర్భనిరోధాన్ని చేర్చినా వాళ్లకు పెద్దగా ఖర్చు ఉండదు. రెండోదానికి చెప్పిన ప్రీమియం విని కంపెనీ వద్దంది. కాబట్టి కాగితం మీద గెలిచాం, ఆమెకు ఒక్క మాత్ర కూడా ఆ దారిన రాలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించలేదన్న సామెతను ఈ ఊళ్లో వాడటానికి కాస్త సంకోచంగా ఉంది కానీ, ఇంతకంటే సరిపోయేది దొరకలేదు.

ఆమె హిమోగ్లోబిన్ ఆరో నెలకు 11.2కు వచ్చింది. ఒకసారి మాత్ర నాలుగు రోజులు ఆలస్యమైంది. గుర్తొచ్చిన వెంటనే వేసుకుని, తర్వాతి నెలసరి వరకు కండోమ్ వాడారు. వారం దాటి ఉంటే మళ్లీ మొదటి నుంచి వారానికి రెండు చొప్పున మొదలుపెట్టాల్సి వచ్చేది. ఇంట్లో అత్తగారికి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు. పట్టీ టిఫిన్ బాక్సు సంచి అడుగున ఉంటుంది.

ఆ ఆలస్యానికి కారణం మాత్రం ఆమె మరుపు కాదు. ఆమె మూడు నెలల సరుకు సరిగ్గా బ్రహ్మోత్సవాల వారంలో అయిపోయింది. మా చుట్టుపక్కల ఆరోగ్య సిబ్బందిలో చాలామందిని ఆ రోజుల్లో కొండ మీద డ్యూటీకి వేస్తారు, లక్షల మంది వచ్చే చోట వైద్యులు ఉండాల్సిందే. కానీ సరుకు తెచ్చే మనిషి కూడా కొండ మీదే ఉన్నాడు, అల్మారా ఖాళీగా ఉంది. ఇది నేను ముందే ఊహించి ఉండాల్సింది. ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉంటూ పంచాంగం చూసి ఇండెంట్ రాయాలని తోచలేదు.

ఈ ఏడు ఆగస్టు మొదటి వారంలోనే రెండు నెలల సరుకు ముందుగా పంపమని రాశాను. మొన్న శుక్రవారం పెట్టె వచ్చింది. నర్సు విప్పి లెక్కపెట్టి ఫోను చేసింది. సగం ఛాయ, సగం మాలా-ఎన్. ఛాయ అడిగితే మాలా-ఎన్ ఎందుకు వచ్చిందో సోమవారం కనుక్కోవాలి. అప్పటిదాకా ఆ సగం పెట్టెను అరలో పెట్టొద్దని, గోడ మీది మొదటి ప్రశ్న అడగకుండా ఎవరికీ ఇవ్వొద్దని చెప్పాను.